బీపీటీ మీద నల్లబియ్యం క్రాస్: ఊక తీస్తే గింజ తెల్లగానే ఉంది, పోయినట్టేనా?

పొలంగట్టు
ఆడ: బీపీటీ 5204 (సాంబ మసూరి). మగ: మణిపుర్ చఖావో కోవకు చెందిన నల్ల జిగురు బియ్యం రకం. ఊక పైభాగం కత్తిరించి, కేసరాలు తీసి, మర్నాడు పొద్దున్నే పుప్పొడి దులిపాం. 26 గింజలు నిలిచాయి. మూడింటికి ఊక ఒలిచి చూస్తే బియ్యం తెల్లగా ఉంది, నలుపు ఛాయ కూడా లేదు. క్రాస్ పడలేదని అనుకోవాలా? సన్నగింజ, నలుపు, జిగురు మూడూ ఒకే రకంలోకి తేవాలన్నది ఉద్దేశం. ఏ తరంలో దేన్ని ఏరాలో కూడా చెప్పండి.

గింజలెక్క
మిగతా 23 ఒలవకండి. ఆ రంగు మీకు ఏమీ చెప్పదు.

వరిగింజ ఒకే మొక్క కాదు. పైన ఊక, దాని కింద ఫలకవచం అనే పల్చటి పొర, రెండూ తల్లిమొక్క శరీరమే. లోపలి పిండిభాగం (ఎండోస్పెర్మ్), మొలకా మాత్రం ఫలదీకరణతో పుట్టిన కొత్త తరం. నల్లబియ్యంలో నలుపు ఉండేది ఫలకవచంలో. మీ తల్లి బీపీటీ, కాబట్టి పుప్పొడి ఎవరిదైనా ఆ పొర బీపీటీదే, రంగూ బీపీటీదే. ఈ గింజ మొలిచి ఎఫ్1 (క్రాస్ తర్వాతి మొదటి తరం) మొక్క అయి కంకి వేసినప్పుడు, ఆ కంకిలోని బియ్యం మీద నలుపు కనబడాలి. అంటే ఒక పంట ఆలస్యం.

ఇదే లెక్క మిగతా గుణాలకూ వర్తిస్తుంది.
గింజ పొడవు, వెడల్పు: హద్దు గీసేది ఊక. తల్లిది.
నలుపు, ఎరుపు: ఫలకవచం. తల్లిది.
జిగురు, అమైలోజ్, ఉడికే గుణం: పిండిభాగం. బిడ్డది.

ఎఫ్1 మొక్క మీద కాసిన గింజకు ఊక ఎఫ్1ది, పొర ఎఫ్1ది, లోపలి పిండి మాత్రం అప్పటికే ఎఫ్2, అంటే రెండో తరం. అందుకే ఆ కంకిలో గింజలన్నీ పొడవులో, రంగులో ఇంచుమించు ఒకేలా ఉండి, జిగురులో మాత్రం గింజకో రకంగా చీలిపోతాయి. ఈ తేడా తెలియకే చాలామంది ఎఫ్1 కంకిలో 'సన్నగా ఉన్న' గింజలు ఏరి విడిగా నాటుతుంటారు. ఒకే కంకిలో సన్నంగా కనబడినది సరిగా పాలు పోసుకోని గింజ, అంతే.

జొన్నచేను
మొక్కజొన్నలో అలా లేదు కదా? తెల్లజొన్న పొత్తు మీద పక్కచేను పసుపు రకం పుప్పొడి పడితే అదే పంటలో పసుపు గింజలు కనిపిస్తాయి.

గింజలెక్క
అక్కడ పసుపు ఉండేది పిండిభాగంలో. ఊదా, నీలం రంగులు సాధారణంగా అల్యూరాన్ పొరలో ఉంటాయి, అదీ ఎండోస్పెర్మ్ బయటి వరుసే. రెండూ బిడ్డవి, అందుకే తండ్రి ప్రభావం అదే ఏడాది బయటపడుతుంది. మొక్కజొన్నలో ఫలకవచం ఎర్రబడే రకాలూ ఉన్నాయి. వాటిలో మాత్రం వరిలాగే పొత్తు మొత్తం తల్లి రంగులో ఉంటుంది. పంట ఏది అన్నది కాదు, రంగు ఏ పొరలో కూర్చుంది అన్నది చూడాలి.

కీలాగ్రం
పొలంగట్టు గారూ, క్రాస్ పడిందో లేదో తేల్చడానికి గింజరంగు అక్కర్లేదు. మీ మగ రకం నారుమొక్క మొదట్లో ఆకుతొడుగు ఊదాగా ఉంటుందా చూడండి. ఉంటే పని సులువు. ఆ ఊదా సాధారణంగా బహిర్గత గుణం, బీపీటీ తొడుగు ఆకుపచ్చ. 23 గింజలు మొలకెత్తించి 15–20 రోజుల నారు మొదళ్లు చూడండి. ఊదావి ఎఫ్1, పచ్చనివి కేసరం మిగిలిపోయి స్వపరాగం చెందినవి. పచ్చనివి పీకేయండి.

నల్లబియ్యం రకాలన్నింటికీ తొడుగు ఊదాగా ఉండదు. అలాంటప్పుడు పూత దాకా ఆగి కీలాగ్రం (పుప్పొడి పట్టే ఆడభాగం) రంగు, గింజ మూతి రంగు చూడాలి. ఈకల్లాంటి కీలాగ్రాలు బీపీటీలో తెల్లగా ఉంటాయి.

అదీ కుదరకపోతే పుప్పొడి పరీక్ష. జిగురు వరికి ఇదే అన్నింటికన్నా నమ్మకమైనది:
– ఇంకా విచ్చుకోని పూలు, ఆ రోజో మర్నాడో విచ్చుకోబోయేవి, ఉదయం 8లోపు కోయండి. వెంటనే చూడలేకపోతే 70% ఆల్కహాల్‌లో వేసి ఉంచండి.
– పువ్వుకు ఆరు కేసరాలు. రెండు మూడు తీసి గాజుపలక మీద అయోడిన్ చుక్కలో నలిపి, తొక్కలు తీసేసి కవర్ స్లిప్ వేయండి.
– బీపీటీ పుప్పొడి మొత్తం నీలినలుపు. జిగురు రకం పుప్పొడి మొత్తం ఎర్రగోధుమ. నిజమైన ఎఫ్1 అయితే సగం సగం.

పుప్పొడి రేణువులో జన్యువుకు ఒక్క ప్రతే ఉంటుంది కాబట్టి దాచుకోవడానికి వీల్లేదు. మెండెల్ నిష్పత్తి కళ్లారా చూడాలంటే ఇంతకన్నా మంచి స్లైడు లేదు.

మూడోకారు
ఒక అభ్యంతరం. ఆడ, మగ తిప్పి వేసి ఉంటే ఈ అనుమానమే వచ్చేది కాదు. జిగురు రకాన్ని ఆడగా పెట్టి బీపీటీ పుప్పొడి వేస్తే, క్రాస్ పడిన గింజలో పిండిభాగానికి తల్లి నుంచి రెండు జిగురు ప్రతులు, తండ్రి నుంచి ఒక మామూలు ప్రతి వస్తాయి. ఆ ఒక్కటీ చాలు, అయోడిన్‌తో నీలం వైపు తిరుగుతుంది. స్వపరాగమైతే ఎర్రగోధుమే. గింజ దశలోనే తేలిపోతుంది.

కీలాగ్రం
సిద్ధాంతం సరైనదే అన్నా. కానీ నల్ల రకం ఆడ అయితే నారులో ఊదా గుర్తు పనికిరాదు, క్రాస్ అయినదీ ఊదా, కానిదీ ఊదా. పైగా మీ పద్ధతికి ప్రతి గింజనూ కోయాలి. ఊక కత్తిరించిన గింజ ఎలాగూ సగం ఎండి, వంకరపోయి ఉంటుంది, దాన్ని ఇంకా కోస్తే మొలక బలం పోతుంది. 26 గింజలున్నప్పుడు ఆ ఖర్చు పెట్టను. బహిర్గత గుర్తు మగవైపు పెట్టడమే నా ఓటు.

పొలంగట్టు
తొడుగు ఊదాగానే ఉంది, మడిలో చూసొచ్చాను. ఇంకో అనుమానం: క్రాస్ గింజలు బీపీటీ కన్నా పొట్టిగా, మొన తెగినట్టు ఉన్నాయి. తండ్రి లావు గింజ ప్రభావమా?

గింజలెక్క
కాదు, మీ కత్తెర ప్రభావం. ఊక పైభాగం మూడో వంతు తెగిపోయాక బియ్యానికి అచ్చు లేదు. కొన్ని బయటికి పొడుచుకొస్తాయి, కొన్ని ఎండి కుంచించుకుపోతాయి. క్రాస్ గింజను స్కేలు పెట్టి కొలిచి జన్యుశాస్త్రం రాయకూడదు.

ఊకపొట్టు
ఈ మాటకు అనుబంధం. గింజ కొలతల మీద పనిచేసే పేరున్న జన్యువులు చాలావరకు ఊక కణాల సంఖ్యనో, సైజునో మారుస్తాయి.

జీఎస్3: 3వ క్రోమోజోమ్. పొడవును అదుపులో పెట్టే జన్యువు. పొడవు గింజ రకాల్లో రెండో ఎక్సాన్‌లో (జన్యువులో ప్రొటీన్‌కు పనికొచ్చే ముక్క) ఒక్క డీఎన్ఏ అక్షరం మారి (సి బదులు ఎ) ప్రొటీన్ మధ్యలోనే ఆగిపోతుంది. బ్రేకు తెగింది, గింజ సాగింది. కాబట్టి ఈ జన్యువు వరకు పొడవు అంతర్గతం. పొడవు, పొట్టి కలిపితే ఎఫ్1 గింజ పొట్టి వైపు మొగ్గుతుంది.
జీడబ్ల్యూ2: 2వ క్రోమోజోమ్. ఒక్క అక్షరం ఊడిపోయి ప్రొటీన్ కురచైతే గింజ వెడల్పవుతుంది.
జీడబ్ల్యూ5: 5వ క్రోమోజోమ్. నిప్పన్‌బరె లాంటి జపోనికా రకాల్లో అక్కడ 1,212 అక్షరాల ముక్క లేదు, అందుకే వాటి గింజ గుండ్రం.
జీడబ్ల్యూ8: 8వ క్రోమోజోమ్. బాస్మతి సన్నదనంలో దీనికి వాటా ఉంది.

బీపీటీ మన లెక్కలో మధ్యస్థ సన్నం: బియ్యం పొడవు 6 మి.మీ. లోపు, పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5 నుంచి 3 మధ్య. అదే పొడవుకు 3 దాటితే పొట్టి సన్నం, 2.5 లోపయితే పొట్టి లావు. మీకు కావలసింది ఈ భాగహారం, కేవలం పొడవు కాదు. ఎఫ్2లో మొక్కకు 10 పూర్తి గింజలు, ప్రధాన పిలక కంకి మధ్యభాగం నుంచి తీసి, ఊక ఒలిచి కొలవండి. కంకి అడుగున ఉన్నవి తీసుకోవద్దు, అవి ఆలస్యంగా నిండుతాయి, ఎప్పుడూ కాస్త సన్నగానే ఉంటాయి. మొక్క సగటుతో పోల్చండి, గింజతో కాదు.

జీఎస్3 గురించి మరొకటి: పొడవు గింజ రూపం ఉన్న మొక్కల్లో కీలాగ్రం కూడా పొడుగ్గా ఉండి, పువ్వు మూసుకున్నాక బయటికి కనబడే అవకాశం ఎక్కువ. హైబ్రిడ్ విత్తనోత్పత్తిలో ఆడ వరుసకు ఇది వరం. మామూలు రకానికి మాత్రం పక్కచేను పుప్పొడి అంటుకునే దారి, కేళీలకు (వేరు రకం మొక్కలకు) మూలం.

పొలంగట్టు
ఎఫ్1 కంకులు కోశాక అయోడిన్ పరీక్ష ఎలా పెట్టాలి? ఎంత ద్రావణం?

అయోడిన్‌చుక్క
2 గ్రా. పొటాషియం అయోడైడ్‌ను 10 మి.లీ. నీళ్లలో ముందు పూర్తిగా కరిగించండి. తర్వాతే 0.2 గ్రా. అయోడిన్ వేయండి. తిరగేస్తే అయోడిన్ అడుగున పలుకులుగా ఉండిపోతుంది. కరిగాక 100 మి.లీ. చేసి ముదురు గోధుమరంగు సీసాలో పోయండి. రంగు పలచబడితే కొత్తది కలపండి. పాత ద్రావణంతో అన్నీ జిగురులాగే కనిపిస్తాయి.

గింజ ఊక తీసి, మొలక ఉన్న వైపు కాకుండా రెండో కొన నుంచి మూడో వంతు బ్లేడుతో కోయండి. సగం దాకా కోయకండి, మొలకకు అదే తిండి. కోసిన ముక్క లోపలి తెల్లభాగం గోకి ఆ పొడి మీదే చుక్క వేయండి. ముక్క మొత్తం ముంచితే నల్లపొరలోని రంగు నీళ్లలోకి దిగి ఎర్రగా కనబడుతుంది, మామూలు గింజను జిగురు అనుకుంటారు. నల్లబియ్యంలో అందరూ పడే గొయ్యి ఇదే.

నిమిషం రెండు నిమిషాల్లో చూడండి. నీలం మామూలు, ఎర్రగోధుమ జిగురు. 3:1 రావాలి.

ఇక్కడ అసలు లాభం చూడండి. పిండిభాగం ఎర్రగోధుమ అయిందంటే మూడు ప్రతులూ జిగురువే. అంటే అండంలోనూ పుప్పొడిలోనూ జిగురే, కాబట్టి మొలక కూడా శుద్ధ జిగురు. ఎఫ్2 విత్తనం దశలోనే ఒక గుణం స్థిరపడిపోయింది. 400 గింజలు కోస్తే సుమారు 100 దక్కుతాయి, ఆ వందే నాటండి. మూడు వంతుల మడి, నాట్ల ఖర్చు మిగిలినట్టే. నీలం గింజల్లో ఏది శుద్ధమో ఏది మిశ్రమమో రంగు చూసి తేల్చడం కష్టం, ఆ జోలికి పోవద్దు.

కోసిన గింజలు 1% సోడియం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలుంచి, బాగా కడిగి, తడి వడపోత కాగితం మీద పెట్టండి. రెండు ఆకులు రాగానే మట్టిలోకి మార్చండి. కడగకపోతే కోసిన చోట బూజు పట్టి మూడో రోజుకే పోతాయి.

మూడోకారు
ఇలాంటిదే నా దగ్గరి క్రాస్‌లో 200 గింజలకు 171 నీలం, 29 ఎరుపు వచ్చాయి. 3:1 ఎక్కడ?

గింజలెక్క
ఆశించినది 150:50. తేడా 21. 441ని 150తో భాగిస్తే 2.94, 50తో భాగిస్తే 8.82. రెండూ కలిపితే కై-వర్గం (ఆశించినదానికీ వచ్చినదానికీ తేడా కొలత) 11.76. కాకతాళీయానికి హద్దు 3.84. కాబట్టి ఇది కాకతాళీయం కాదు, కారణం ఉంది.

ముందు చదవడంలో పొరపాటు తీసేద్దాం. మామూలు ప్రతి ఒక్కటే ఉన్న గింజ తక్కువ నీలం అయి ఎరుపుగా పొరబడితే జిగురు లెక్క పెరగాలి. మీకు తగ్గింది. కాబట్టి అది కాదు. పుప్పొడి లెక్కించారా?

మూడోకారు
300 రేణువులు చూశాను, 146 నీలం, 154 ఎరుపు. ముడుచుకుపోయిన వాటిని లెక్కలో వేయలేదు, అవి కూడా చాలానే ఉన్నాయి. కంకిలో తాలు ఎక్కువే.

గింజలెక్క
అయితే రేణువులు తయారవడంలో తేడా లేదు, గింజ కట్టేటప్పుడు వచ్చింది. రెండు దారులున్నాయి.

ఒకటి, మీ జిగురు రకం జపోనికా వైపుదై ఉండొచ్చు. ఇండికా-జపోనికా క్రాస్‌లలో 6వ క్రోమోజోమ్ మీద, జిగురు జన్యువున్న చేయి మీదే, ఒక వైపు బీజకణాలకు అన్యాయం చేసే స్థానాలున్నాయి. గామెటోఫైట్ జన్యువు జీఏ1 ఉంటే ఒక రకం పుప్పొడి గొట్టం పందెంలో వెనకబడుతుంది. ఎస్5 ఉంటే ఒక రకం పిండకోశాలు చచ్చిపోతాయి, తాలు పెరుగుతుంది. జిగురు జన్యువు వాటి పక్కన కూర్చుంది కాబట్టి వాటితోపాటు అదీ తగ్గుతుంది.

రెండోది చాలా మామూలు కారణం. సొంత పుప్పొడి సగం చచ్చిన ఎఫ్1 పక్కన బీపీటీ మడి ఉంటే, విచ్చుకున్న పువ్వులో పక్కింటి పుప్పొడి పడుతుంది. అది ఎప్పుడూ నీలమే.

తేల్చడం సులువు. ఈసారి ఎఫ్1 కంకుల్లో సగం ఈనిక దశలోనే బటర్ పేపర్ సంచి కట్టండి, సగం వదిలేయండి. సంచిలోవి 3:1 వస్తే మీ శత్రువు పక్కమడి. సంచిలోనూ అదే తేడా ఉంటే 6వ క్రోమోజోమ్.

ఊకపొట్టు
రెండూ కలిసి కూడా ఉండొచ్చు. తాలు ఎక్కువ అన్నప్పుడే నాకు మొదటిదాని మీద అనుమానం.

కీలాగ్రం
నలుపు జన్యువుల గురించి ఎవరూ రాయలేదు. 4వ క్రోమోజోమ్ మీది కాలా4 అనే నియంత్రణ జన్యువు ప్రమోటర్‌లో (జన్యువును వెలిగించే మీట) వచ్చిన మార్పే నల్లబియ్యానికి మూలం. దానికి తోడు 1వ క్రోమోజోమ్ మీద, 3వ క్రోమోజోమ్ మీద ఇంకో రెండు సక్రమంగా పనిచేయాలి. ఏ జన్యువులో తల్లిదండ్రులు తేడా పడితే నిష్పత్తి అలా మారుతుంది. రెండింటిలో తేడా ఉంటే ఎఫ్2 మొక్కల్లో 9 ఊదా-నలుపు, 3 గోధుమ, 4 తెలుపు. మొక్కకో రంగు అని మళ్లీ గుర్తుచేస్తున్నా, గింజకో రంగు కాదు. ఒకే మొక్కలో కొన్ని నల్లగా కొన్ని మచ్చలుగా ఉంటే అవి ముదరని గింజలు, లేదా ఎండకాలంలో పాలుపోసుకున్నవి. వేడి ఎక్కువైతే రంగు పలచబడుతుంది.

9 వంతుల నల్లవాటిలో రెండు జన్యువులకూ శుద్ధమైనది ఒక్క వంతే. వంద జిగురు మొక్కల్లో సుమారు 56 నల్లవి, అందులో స్థిరమైనవి 6. ఏ ఆరో చూస్తే తెలియదు. 56 మొక్కల గింజలూ వేర్వేరు వరుసలుగా ఎఫ్3లో వేసి, తెల్లది గానీ గోధుమది గానీ ఒక్కటీ రాని వరుస పట్టుకోవాలి. వరుసకు కనీసం 20 మొక్కలు వేయండి, అప్పుడే మాట నిలబడుతుంది. సన్నదనం కూడా ఈ వరుసల్లోనే చూడండి, ఎఫ్2 ఒంటి మొక్క కొలతలో భూమి, ఎరువు ప్రభావం కలిసి ఉంటుంది.

అయోడిన్‌చుక్క
ల్యాబు అందుబాటులో ఉంటే జిగురు జన్యువుకు మార్కర్ తేలిక. జిగురు రూపాల్లో సాధారణంగా రెండో ఎక్సాన్‌లో 23 అక్షరాలు రెండుసార్లు ఉంటాయి. పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు నకళ్లు తీసే పరీక్ష) ముక్క 23 అక్షరాలు పెద్దదవుతుంది. 3–4% అగరోజ్ జెల్‌లో విడిపోతుంది, మిశ్రమానికి రెండు గీతలు. 1.5% జెల్ వేసి 'తేడా లేదు' అనకండి.

సువాసన కూడా కావాలంటే 8వ క్రోమోజోమ్ మీది బీఏడీహెచ్2 చూడాలి. 7వ ఎక్సాన్‌లో 8 అక్షరాలు లేకపోతే వాసన. నాలుగు ప్రైమర్ల పరీక్షలో వాసన రకానికి 257 అక్షరాల ముక్క, మామూలుకు 355, మిశ్రమానికి రెండూ వస్తాయి. సుమారు 580 గీత అందరికీ ఉంటుంది, అది రాకపోతే ఆ పీసీఆర్ చెల్లదు. ముక్కుతో అయితే: ఆకులు సన్నగా తరిగి 2 గ్రా., 1.7% పొటాషియం హైడ్రాక్సైడ్ 10 మి.లీ.లో వేసి, మూత పెట్టి 10 నిమిషాల తర్వాత వాసన చూడాలి. వరసగా చూస్తూ పోతే ముక్కు మొద్దుబారుతుంది. పది నమూనాలకొకసారి బయటికెళ్లి రండి, మధ్యమధ్య బీపీటీ ఆకు దొంగనమూనాగా పెట్టుకోండి.

జొన్నచేను
ఇంత కష్టం ఎందుకు, బీపీటీ జన్యువునే ఎడిట్ చేశారు కదా? కమల అని వచ్చింది.

ఊకపొట్టు
డీఆర్ఆర్ ధాన్ 100, కమల, 2025 మే 4న ప్రకటించారు. హైదరాబాద్ భారత వరి పరిశోధన సంస్థ పని. అందులో మార్చింది జీఎన్1ఏ, సైటోకైనిన్‌ను విరిచే ఎంజైమ్ జన్యువు. అది ఆగితే కంకిలో పూల సంఖ్య పెరుగుతుంది, అంటే గింజలు ఎక్కువ. రంగుకూ, జిగురుకూ, గింజ ఆకారానికీ సంబంధం లేదు. ఒక జన్యువును ఆపడం ఎడిటింగ్‌కు సులువు. జిగురు కూడా ఆపితే వచ్చేదే, అది చేయొచ్చు. నలుపు అలా కాదు, లేనిదాన్ని వెలిగించాలి. ఆ పనికి ఇంకా కత్తెర, సంచి, ఓపికే చౌక.

పొలంగట్టు
అర్థమైంది. ఒలిచేసిన ఆ మూడు గింజల మాట? పారేయాలా?

కీలాగ్రం
మొలక చెదరకపోతే పారేయొద్దు. ఊక లేని గింజకు నిద్రావస్థ గొడవ కూడా తక్కువ, ఊరికే నత్రికామ్లంలో నానబెట్టకండి, కాలిపోతాయి. అయోడిన్‌చుక్క గారు చెప్పినట్టే కడిగి తడి కాగితం మీద పెట్టండి, నీళ్లు నిలవకూడదు. మూడింటికీ వేరే గుర్తులు పెట్టి, లేబుల్ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా రెండో తడికే కారిపోతుంది.

పొలంగట్టు
ఈరోజే పెడతాను. తొడుగు రంగు 15వ రోజున ఇక్కడే రాస్తాను.